పిడి లోపలి పేలిక

చిత్తారి వీధి మలుపులో, మా సానకొట్టు అరుగు మీద
బళ్లారి గురుబసప్ప గోనెసంచి విప్పినాడు.
కొడవళ్లు, మటన్ కత్తులు, టైలరు కత్తెరల నడుమ
అది వచ్చి పండుకునింది,
ఇల్లు తప్పి వచ్చిన పెళ్లిచుట్టం మాదిరి.

"అలుగు జర్మనీది," అన్నాడు భూతద్దం దించకుండా.
"పిడి ఇటలీది. రెంటికీ నూరేండ్ల ఎడం.
ఇది కత్తి కాదు హుసేనమ్మా, కలగూరగంప.
విడదియ్యి. అలుగొకరికి, పిడొకరికి.
జోడు తప్పిన సొమ్ముకు ధర పలకదు."

చేతిలోకి తీసుకుంటి.
కత్తిని కంటితో చూడగూడదు, మణికట్టుతో చూడాలనేవాడు నాయన.
రెండు వేళ్ల మీద నిలబెడితే
పిడికి జానెడు ముందర కుదిరింది తూకం,
తరాజు ముల్లు ఊగి ఊగి నడిమికొచ్చి ఆగినట్టు.

వాదర మీద గంట్లు. మూడు పెద్దవి, ఒకటి చిన్నది.
చిన్నదాన్ని ఎవరో ఓపిగ్గా అరగదీసి
మాన్పజూసినారు.
పిడి చుట్టూ వంగిన కడ్డీలు, చేతికి కట్టిన పంజరం.
గురుబసప్ప పిడికిలి అందులో దూరలేదు.
నాది దూరింది.

గ్యాసు టార్చి ఎత్తలేదు నేను,
పదును దిగిపోతుంది.
అలుగుకు తడిగోనె చుట్టి
పిడిని మాత్రం బొగ్గుల కుంపటి మీద తిప్పుతా కూర్చుంటి.
గోడ మీద ఆ పెద్ద వరద గీత ఇంకా ఉండాది,
నా తలకు మూరెడు పైన.
దాని కింద పొగ లేచింది.
వాసన.

లక్క!
కొడవలి పిడిలోకి మా జేజినాయన పోసే లక్క.
"ఇటలీలో లక్క పోస్తారా అన్నా?" అంటి.
గురుబసప్ప బీడీ ముట్టించుకున్నాడు.

ఊడొచ్చింది.
అలుగు మొదట్లో ఉలితో కొట్టిన నాలుగు గీతలు.
పరుగెత్తే తోడేలంట, దానికే సగం ధర అంట.
నాకు మాత్రం
మటన్ అంగడి ముందర తిరిగే కుంటికుక్క కనపడింది.
తోడేలు కింద కాడ.
కాడ చుట్టూ పేలిక.

మగ్గం గుడ్డ. ఆముదం తాగి నల్లబడినా
అంచులో ఎర్రపోగు ఒకటి చావలేదు.
దాని సందున వేపపుల్ల చీలిక.
పిడి తొర్ర వెడల్పు, కాడ సన్నం,
ఆ వదులును ఎవడో
చీర అంచుతో, చెట్టు పుల్లతో పూడ్చినాడు.
ఎడమకు చుట్టినాడు.
ఎడచేతివాడై ఉండాల.

అలుగుకు ముద్ర ఉండాది. పిడికీ ముద్ర ఉండాది.
వీడికి లేదు.
ఏ నవాబు గుర్రపుసాల వెనకాలో
తుమ్మబొగ్గు ఊదుకుంటా, కూలికి,
ఒకరి మొహం ఒకరు చూడని రెండు దేశాలను
కదలకుండా కూర్చోబెట్టి
ఇంటికి పోయి సంగటి తిన్నాడు.

బడిలో చేర్చేనాడు అయ్యవారు
పెన్ను ఎత్తి ఆగినాడు:
"హుసేను అంటావు, అమ్మ అంటావు. ఏందో ఒకటి చెప్పు."
పీర్ల మొక్కుకు పుట్టినదాన్ని, మద్దిలేటి కూతుర్ని,
ఏం చెప్పాలో తెలీక
పలక అంచు కొరుక్కుంటా నిలబడితి.
ఆయన చివరికి ఏం రాసుకున్నాడో
ఇప్పటికీ తెలీదు.

"ఆ చెత్త పారేసి రెండూ కట్టియ్యి," అని
గురుబసప్ప టీకి పోయినాడు.

వచ్చేసరికి అరుగు మీద కత్తి ఒకటే ఉంది.
"ఏందిది?"
"విడదీసిన కూలి ఐదువందలు," అంటి.
"కలిపిన కూలి వద్దులే."

చాలాసేపు చూసినాడు నా తట్టు.
కత్తి ఎత్తి చెవి దగ్గర ఊపినాడు,
కొబ్బరికాయ బేరం చేసినట్టు.
చప్పుడు లేదు.
ఐదువందల నోటు సానరాయి కింద పెట్టి
గోనె చుట్టుకున్నాడు.

పాత పేలిక తీయలేదు నేను.
వేడికి ఒక పొర పొడి అయితే, దాని మీదనే
కాసిం టైలరు కత్తిరించి పారేసిన
బడిపిల్లోళ్ల యూనిఫారం ముక్క, నీలంది,
కుడికి చుట్టినా.